తొమ్మిదిమందేనటే!

(విశాఖపట్నం. 2014 అక్టోబరు 20, దీపావళికి మూడు రోజుల ముందు. హుద్‌హుద్ తుపాను వచ్చి ఎనిమిది రోజులైంది. ఈ వీధికి కరెంటు నిన్న రాత్రే వచ్చింది. సరళగారు ఫ్రిజ్ వాసన పోవడానికి దాన్ని మూడోసారి తుడుస్తున్నారు. మూర్తిగారు సాయం చేస్తున్నారు, అంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.)

మూర్తి: ఏమే, ఐఫోన్ సిక్స్ ప్లస్ మన దేశంలోకి వచ్చేసింది. 17వ తారీఖు నుంచి అమ్ముతున్నారు. 62,500.

సరళ: ఆ వంగిపోయే ఫోనేనా?

మూర్తి: నీకెవరు చెప్పారు?

సరళ: పై పోర్షన్ వాళ్ళబ్బాయి తుపానుకి ముందే వీడియో చూపించాడు. ఒకాయన రెండు బొటనవేళ్ళూ ఆనించి నొక్కితే తడిసిన అట్టముక్కలా వంగింది.

మూర్తి: ఆ వీడియో కోట్లసార్లు చూశారు జనం. వంగిన ఫోను మాత్రం ఒక్కటే. నువ్వేమో కోట్ల ఫోన్లు వంగినట్టు మాట్లాడతావు.

సరళ: వంచితే వంగిందా లేదా?

మూర్తి: పనిగట్టుకుని వంచితే నీ అట్లకాడా వంగుతుంది. మామూలుగా వాడుకునేవాళ్ళకి వంగుతోందా, అదీ తేలాల్సింది. కంపెనీయే లెక్క చెప్పింది. అమ్మకాలు మొదలైన ఆరు రోజుల్లో సిక్స్ ప్లస్ వంగిందని తమ దగ్గరికొచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదిమందేనటే! సిక్సూ, సిక్స్ ప్లస్సూ కలిపి మొదటి మూడు రోజుల్లోనే కోటి ఫోన్లు అమ్ముడుపోయాయి.

సరళ: ఆరు రోజులకే లెక్క తీసేశారా? మన పెళ్ళయిన ఆరో రోజున ఎవరైనా వచ్చి అడిగుంటే నా దగ్గరా ఒక్క కంప్లైంట్ లేదు.

(మూర్తిగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అనుభవమున్న భర్త ఇక్కడితో ఊరుకుంటాడు. ఈయనకి పెళ్ళయి ఇరవై రెండేళ్ళే.)

మూర్తి: ఎప్పుడు తీసినా లెక్క లెక్కే.

సరళ: ఏ లెక్క? వంగిన ఫోన్లు తొమ్మిదా, వంగిందని వచ్చి చెప్పినవాళ్ళు తొమ్మిదిమందా?

మూర్తి: రెండూ ఒకటేగా.

సరళ: ఎలా ఒకటవుతాయండీ? మొన్న వేసవిలో మన వీధి కుళాయికి వారం రోజులు నీళ్ళు రాలేదు. ఆఫీసుకెళ్ళి కాగితం రాసిచ్చింది నేనూ, ఎదురింటి మామ్మగారూ. ఇద్దరమే. ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకున్నది నలభై ఇళ్ళవాళ్ళు. ఆ ఆఫీసాయన ఏమన్నాడు? "మీ ఇద్దరి ఇళ్ళలోనే ఏదో తేడా ఉందమ్మా, చూసుకోండి" అన్నాడు.

మూర్తి: కుళాయి వేరు. 62,500 పోసి కొన్నవాడు ఊరుకుంటాడా? షాపు ముందు పడుకోడూ?

సరళ: అంత పోసి కొన్నవాడే నోరు మూసుకుంటాడు. మీ తమ్ముడు కొన్న సోఫా ఆర్నెల్లకే కుంగిపోయింది. ఎవరికైనా చెప్పాడా? "మెత్తగా ఉంది వదినా, కూర్చుంటే లేవబుద్ధి కాదు" అన్నాడు. లేవడం కుదరకే పాపం.

మూర్తి: సరే, మనుషుల మాట వదిలెయ్. యంత్రం మాట వింటావా?

(జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. మూడు వారాలుగా దాచుకున్న పేపరు కటింగు. మూడు వారాలన్నది సరళగారు గమనించారు. పైకేమీ అనలేదు.)

మూర్తి: అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అని వినియోగదారుల సంస్థ. వాళ్ళు ఫోన్లని రెండు కొసలా ఆనించి, మధ్యలో పైనుంచి నొక్కించారు. చిన్నది, అంటే ఉత్త సిక్స్, 32 కిలోలకి వంగింది. అందరూ తిట్టిపోస్తున్న సిక్స్ ప్లస్ 41 కిలోల దాకా ఆగింది! 41 కిలోలంటే ఏమనుకున్నావు, బియ్యం బస్తాలు ఒకటిన్నర పైన.

సరళ: మిగతా ఫోన్లు?

మూర్తి: అవీ ఏవో ఉన్నాయి.

సరళ: ఇలా ఇవ్వండి. (చేతులు కొంగుకి తుడుచుకుని) పాత ఐఫోన్ 5... 59 కిలోలు. శాంసంగ్ నోట్ 3... 68. మరి పాతది 59కి వంగితే కొత్తది 41కేనా? డబ్బు పెరిగి గట్టితనం తగ్గిందా?

మూర్తి: పలచన చేశారుగా, 7.1 మిల్లీమీటర్లు. పైగా పొడుగు. పొడుగాటి పుల్ల విరవడం తేలిక. అందులోనూ పక్కన సౌండు బటన్ల కోసం అల్యూమినియంకి చిల్లులు పెట్టిన చోటే వంగుతోందట. అయినా ఆ కింది వరస చదవవేం? హెచ్‌టీసీ వాళ్ళ ఫోనూ 32కే వంగింది. దాన్నెవరైనా పట్టించుకున్నారా? పేరున్నవాడి ఇంట్లో గిన్నె పడితే ఊరంతా వినపడుతుంది.

(ఈ మాట మాత్రం మూర్తిగారు బాగా చెప్పారు. సరళగారికీ అలాగే అనిపించింది. అందుకే వెంటనే దారి మళ్ళించారు.)

సరళ: మీ బరువెంత?

మూర్తి: దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

సరళ: ఎంతండీ?

మూర్తి: 78.

సరళ: బస్తాల్లో చెప్పండి.

(చెప్పలేదు.)

సరళ: మూడు బస్తాల పైన. ఫోను పెట్టుకునేది ప్యాంటు వెనక జేబులో. స్కూటరు మీద రోజూ గాజువాక దాకా, దారిలో గోతులెన్నుంటే అన్నిసార్లు ఎగిరి దాని మీదే పడతారు.

మూర్తి: దానికీ కంపెనీవాళ్ళు పరీక్ష పెట్టారు! సిట్ టెస్ట్. జేబులో ఫోనుండగా కూర్చుంటే ఏమవుతుందోనని.

సరళ: గాజువాక రోడ్డు మీద పెట్టారా?

మూర్తి: అసలు వంగడం అంత పెద్ద నేరమా? మొన్నటి గాలికి వీధి చివర ఇనుప స్తంభమే వంగిపోయింది. దాన్నెవరైనా తిట్టారా?

సరళ: నేను తిట్టాను! అది వంగబట్టే ఎనిమిది రోజులు చీకట్లో దోమలకి అన్నం పెట్టాం. ఆ 62,500లో సగం పెడితే ఇన్వర్టరూ బ్యాటరీ వచ్చి ఇంట్లో కూర్చుంటాయి. వాటిని మీరు వెనక జేబులో పెట్టుకోలేరు కూడా.

(అరగంట నుంచి ఫోను వంగుతుందా వంగదా అని వాదించుకున్నారు గానీ, ఆయన బెంగ ఫోను గురించి, ఆవిడ బెంగ దీపం గురించి. దీపావళికి ముందురోజు ఇన్వర్టరు వచ్చింది. సరళగారు చెప్పగా చెప్పగా ఎదురింటి మామ్మగారూ అదే కంపెనీది, అదే మోడల్ కొన్నారు.)

(2018 మే నెలాఖరు. అదే ఇల్లు, రాత్రి ఎనిమిదిన్నర. ఈసారి ఫోను సరళగారి చేతిలో ఉంది.)

సరళ: ఏవండీ, మీ తొమ్మిదిమంది సంగతి విన్నారా? అమెరికా కోర్టులో ఆ కంపెనీ సొంత కాగితాలే బయటపడ్డాయి. అంతకుముందరి 5ఎస్‌తో పోలిస్తే సిక్స్ వంగే అవకాశం 3.3 రెట్లు, సిక్స్ ప్లస్‌కి 7.2 రెట్లు ఎక్కువట. అమ్మకముందే తెలుసట!

మూర్తి: 7.2 రెట్లంటే, 5ఎస్‌లు ఎన్ని వంగేవి?

సరళ: అదెక్కడా లేదు.

మూర్తి: మరి! లక్షకి ఒకటి వంగేదైతే ఇది ఏడు. వందకి ఒకటైతే కొంప మునిగినట్టు. కిందున్న అంకె చెప్పకుండా రెట్లు చెబితే ఏం తేలుతుంది?

సరళ: నాలుగేళ్ళ తర్వాత కూడా వాళ్ళ తరఫు ప్లీడరేనా? తెర మీద బూడిదరంగు గీత పడి, వేలు పెడితే పలక్కుండా పోయిన సిక్స్ ప్లస్‌ల మాటేమిటి? లోపల టచ్ చిప్పు టంకం వదిలేస్తోందని బాగుచేసేవాళ్ళు మొత్తుకున్నారు. 2016లో 149 డాలర్లు పుచ్చుకుని బాగుచేశారు.

మూర్తి: పదేపదే గట్టి నేల మీద పడేస్తే అలా అవుతుందని కంపెనీ చెప్పింది.

సరళ: అదీ మన తప్పేనన్నమాట. కుళాయి ఆఫీసాయన చుట్టమేమో ఆ చెప్పినవాడు.

(కరెంటు పోయింది. ఇన్వర్టరు రెండుసార్లు కుయ్ కుయ్‌మని, అదీ ఊరుకుంది. ఫ్యాను నెమ్మదిగా ఆగింది.)

మూర్తి: ఇదేమిటి? బ్యాటరీ నిరుడేగా మార్చాం?

సరళ: బ్యాటరీ కాదు, లోపల బోర్డు. మొన్న మెకానిక్కు వచ్చి చూశాడు. ఈ మోడల్లో ఇలాంటి కంప్లైంట్ ఇంతవరకూ ఎవరి దగ్గర్నుంచీ రాలేదట. మనదొక్కటేనట.

మూర్తి: నమ్మావా?

సరళ: ఎందుకు నమ్మనూ? ఎన్నేళ్ళ నుంచో ఇవే బాగుచేస్తున్నాడు. అతనికి తెలీదా? మీరే దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తుంటారు.

(చీకట్లో మూర్తిగారు ఏదో అనబోయారు. ఈలోగా వీధి అవతల కిటికీ తలుపు తెరుచుకుంది.)

మామ్మగారి గొంతు: సరళా! మీ ఇన్వర్టరు కూడా పోయిందా అమ్మా?

మూర్తి: ఇద్దరు.