రోడ్డు తవ్వే కాంట్రాక్టు సాల్మొనెల్లాకే ఇవ్వాలి

మా వీధి మొదట్లో గొయ్యి తవ్వి నాలుగు నెలలైంది. కేబుల్ కోసమని కొందరు, మంచినీళ్ల పైపు కోసమని కొందరు అంటున్నారు. తవ్వినవాళ్లు ఏమంటారో తెలీదు, మళ్లీ కనబడితే కదా! చుట్టూ కట్టిన ఎర్ర రిబ్బను ఎండకు వెలిసి తెల్లబడింది. అందుకని బాగా ఆలోచించే చెబుతున్నాను: ఈసారి టెండరు పేగులో చేరి విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా సాల్మొనెల్లా టైఫిమ్యూరియంకి ఇవ్వండి.

నవ్వకండి, అర్హతలు చూడండి. పేగులోకి చేరేదాకా అది సామాను బయటికి తీయదు. పేగు గోడ కణంలో చొరబడే సరంజామా జన్యువులు చాలావరకు దాని క్రోమోజోములో ఒకేచోట, దాదాపు 40 వేల డీఎన్ఏ అక్షరాల దీవిగా ఉంటాయి. వాటి మీద హెచ్ఎన్ఎస్ అనే ప్రొటీను ఆర్థికశాఖలా కూర్చుంటుంది. ఫైలు కదలదు. పేగులో పరిస్థితి అనుకూలమని కబురందితే హిల్‌డీ అనే ప్రొటీను వచ్చి దాన్ని పక్కకు నెడుతుంది, హిల్‌ఏ అనే ఇంకో ప్రొటీను సంతకం పెడుతుంది, కణంలోకి ప్రొటీన్లు ఎక్కించే సూదులు తయారవుతాయి. అప్పుడైనా అందరూ ఎగబడరు. సూదులు మోస్తే ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి, ఒకే తల్లి పిల్లల్లో కొందరే మోస్తారు. మా గోతి దగ్గరా ఒకడు తవ్వుతుంటే ఆరుగురు చూశారనుకోండి, అది వేరే శాస్త్రం.

అసలు పనితనం ఆ తర్వాతే. సూదిలోంచి సోప్‌ఈ అనే ప్రొటీను కణంలోకి దిగగానే కణానికి ఆకారమిచ్చే లోపలి ఆక్టిన్ పోగుల చట్రం అతలాకుతలమై, పొర అలలా లేచి బ్యాక్టీరియాను లోపలికి లాక్కుంటుంది. రోడ్డు ఛిన్నాభిన్నం! అయితే అదే సూదిలోంచి ఎస్పీటీపీ అనే ఇంకో ప్రొటీనూ దిగుతుంది. సోప్‌ఈని కణం తొందరగానే ముక్కలు చేసేస్తుంది. ఎస్పీటీపీ ఇంకొంతసేపు ఉండి చట్రాన్ని మళ్లీ సర్దుతుంది. కొన్ని గంటల్లో పొర చదును. తవ్వకం, పూడిక ఒకే బిల్లులో!

కణం లోపల బ్యాక్టీరియా చుట్టూ ఏర్పడిన సంచిలో మెగ్నీషియం తగ్గిందని, ఆమ్లం పెరిగిందని బ్యాక్టీరియాలోని ఫోక్యూ అనే ప్రొటీను పసిగట్టి, దాని జోడీ ఫోపీకి చెబుతుంది. వెంటనే తవ్వే సామాను కట్టిపెట్టి, కాపురానికి కావలసిన రెండో దీవి జన్యువులు తెరుస్తారు. పనైపోయాక యంత్రం ఆపడం! ఇది మన దగ్గర ఎవరైనా చూశారా?

రోగం తెచ్చేదానికి కాంట్రాక్టేమిటండీ అని పక్కింటాయన అభ్యంతరం చెప్పారు. నిజమే. కాకపోతే నిన్నటి నుంచి మా కుళాయిలో నీళ్లు మట్టిరంగులో వస్తున్నాయి. గోతిలోకి తొంగిచూస్తే మంచినీళ్ల పైపూ, మురుగు పైపూ పక్కపక్కనే పగిలి ఉన్నాయి. టైఫాయిడ్ తెచ్చే దాయాది టైఫీకి మాత్రం మనవాళ్లు టెండరు పిలవకుండానే దారి వేసి పెట్టారు.