జో స్ట్రమ్మర్ డ్రగ్స్‌తో చనిపోలేదు, ఇక ఆపండి

పొద్దున్నే ఆ ఫార్వర్డ్ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈ నెలలో ఇది నాలుగోసారి, ఈసారి పంపింది మా బావమరిది. "బ్రిటిష్ రాక్ బ్యాండు ద క్లాష్ గాయకుడు జో స్ట్రమ్మర్ లండన్ మురికివాడలో పుట్టాడు. సొంత బ్యాండును తానే చెడగొట్టుకున్నాడు. తర్వాత డబ్బు కోసం మెస్కలెరోస్ అని ఇంకోటి పెడితే అది మూడేళ్లకే గొడవలతో మూతపడింది. చివరికి డ్రగ్స్‌కు బలయ్యాడు. మీ పిల్లలకు చూపించండి." కింద రెండు దణ్ణాలు.

మురికివాడ కాదు, టర్కీలోని అంకారా. తండ్రి బ్రిటిష్ విదేశాంగ శాఖ ఉద్యోగి, ఆయన పుట్టింది మన లక్నోలో. కొడుకు చదివింది బోర్డింగ్ స్కూల్లో. తర్వాతి పాయింటు.

డబ్బు కోసమట! డబ్బే కావాలంటే పాత క్లాష్‌నే మళ్లీ కలిపేవాడుగా. ఆ కాలపు మరో బ్రిటిష్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ 1996లో చేసింది అదే, పైగా ఆ టూర్‌కు 'ఫిల్తీ ల్యూకర్', అంటే పాపిష్టి సొమ్ము అని పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు. ఈయన తనకంటే చిన్నవాళ్లను పోగేసి, హెల్‌క్యాట్ అనే చిన్న లేబుల్‌లో రికార్డులు వేశాడు. 2001 నాటి 'గ్లోబల్ ఎ గో-గో'లో ఒక పాట పేరే 'భిండీ భాగీ'. బెండకాయ కూర మీద పాట కట్టి కోట్లు గడించవచ్చని మా బావమరిది నమ్ముతున్నాడంటే, ఆయనకు ఓ బెండతోట రాసిచ్చేయాలి.

గొడవలతో మూతపడలేదు. మధ్యలో కొందరు వెళ్లారు, కొందరు వచ్చారు, అంతే. ఆగిపోయింది గాయకుడు పోయాడు కాబట్టి. సగంలో ఉన్న మూడో ఆల్బమ్‌ను మార్టిన్ స్లాటరీ, స్కాట్ షీల్డ్స్ కూర్చుని పూర్తి చేస్తే 2003లో 'స్ట్రీట్‌కోర్'గా వచ్చింది.

ఇక డ్రగ్స్. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2002 డిసెంబర్ 22న సోమర్‌సెట్‌లోని తన ఇంట్లో, 50 ఏళ్ల వయసులో ఆయన గుండె ఆగింది. కారణం పుట్టుకతో ఉన్న గుండె లోపం. బతికుండగా అది ఎవరికీ తెలియలేదు, ఆయనకు కూడా. ఆయనేమీ మడి కట్టుకుని కూర్చున్న మనిషి కాదు, సిగరెట్లూ గంజాయీ తాగాడు. కానీ ఆయన్ని చంపింది అవి కాదు. హెరాయిన్‌కు బానిసై 1982లో క్లాష్ నుంచి బయటికి పోయింది డ్రమ్మర్ టాపర్ హెడన్. ఒకరి జబ్బు తీసి ఇంకొకరి శవానికి అంటించి, పిల్లలకు చూపించమంటారా? చూపించండి. పుట్టుకతో వచ్చిన లోపం గిటార్ పట్టుకోవడం వల్ల వస్తుందని కూడా చెప్పండి, సైన్సు మార్కులు బాగా వస్తాయి. "నాకే అలవాట్లూ లేవు, నా గుండెకేం" అని టెస్టులు ఎగ్గొట్టే పెద్దమనుషులు మా గ్రూపులోనే నలుగురున్నారు. దణ్ణాలు పెట్టింది వాళ్లే.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. బ్యాండును తానే చెడగొట్టుకున్నాడన్నది నిజం. 1983లో క్లాష్ గిటారిస్టు మిక్ జోన్స్‌ను గెంటేసింది ఈయనే. తర్వాత తప్పు తెలుసుకుని బహామాస్ దాకా వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ రమ్మంటే మిక్ రాలేదు. 2002 నవంబర్ 15న సమ్మెలో ఉన్న ఫైర్ సిబ్బంది కోసం మెస్కలెరోస్ లండన్‌లోని ఆక్టన్ టౌన్ హాల్లో వాయిస్తుంటే, జనంలో ఉన్న మిక్ గిటార్ తీసుకుని స్టేజీ ఎక్కేశాడు. 19 ఏళ్ల తర్వాత ఇద్దరూ పక్కపక్కన నిలబడి మూడు పాటలు వాయించారు. ఇంకో ఐదు వారాలకు స్ట్రమ్మర్ లేడు.