నలుడు, భీముడు, ఎలక్ట్రిక్ కెటిల్

మగవాళ్ళ వంట చరిత్ర రాయాలంటే నలుడి దగ్గర మొదలుపెట్టక తప్పదు. స్వయంవరం రోజున దేవతలు ఆయనకు వరాలిచ్చారు. తలచుకుంటే చాలు వస్తానన్నాడు అగ్ని. కోరిన చోట నీళ్ళవుతానన్నాడు వరుణుడు. వంటలో రుచి ఇచ్చినవాడు యముడు. (యముడికీ వంటకీ ఏమిటి సంబంధం అని హాస్టల్ మెస్సులో తిన్నవాళ్ళెవరూ అడగరు.) బాహుకుడి వేషంలో వంట చేస్తున్న నలుణ్ణి చాటుగా చూసి చెలికత్తె కేశిని దమయంతికి చెప్పిందీ ఇదే. ఆయన చూస్తే ఖాళీ కుండలు నిండిపోతున్నాయి, గుప్పెడు గడ్డి ఎండకు చూపిస్తే అంటుకుంటోంది. ఆ రెండు వరాలనూ కలిపి ఇప్పుడు ఎలక్ట్రిక్ కెటిల్ అనే పేరుతో అమ్ముతున్నారు. మూడోది, వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా ప్యాకెట్ లోపల చిన్న పొట్లంగా విడిగా వస్తుంది. దాన్ని చింపి ఆఖర్న చల్లుకోవాలి.

ప్యాకెట్ తిండిని తిట్టేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఫ్రిజ్‌లో దోసెల పిండి ప్యాకెట్ ఉంటుంది, ఆ సంగతి వదిలేద్దాం. నేను దాన్ని పొగడడానికే కూర్చున్నాను. ఏ సంస్కర్త, ఏ చట్టం, ఏ భార్య చెయ్యలేని పని కప్పు ఉప్మా చేసింది. తెలుగు మగవాణ్ణి వంటింట్లోకి తీసుకొచ్చి, స్టవ్ గట్టు ముందు నిలబెట్టి, సాయంత్రం స్నేహితులతో "ఇవాళ టిఫిన్ నేనే చేశా" అనిపించింది. ఇంత పెద్ద సామాజిక మార్పుకు ఒక పురస్కారమైనా ఇవ్వలేదు మనం.

ఆ మార్పు జరిగే తీరు చూడండి. ఆదివారం పొద్దున ఆయన ప్రకటిస్తాడు. "ఇవాళ టిఫిన్ సంగతి నేను చూసుకుంటా, నువ్వు కాసేపు పడుకో." ఆవిడ పడుకుంటుంది. "ఏమోయ్, కత్తెర ఎక్కడుంది?" ప్యాకెట్ మీద ఇక్కడ చింపండి అని గీత ఉంటుంది, బాణం గుర్తుంటుంది, చిన్న గాటు కూడా పెట్టి ఉంటుంది. ఆ గాటు దగ్గర తప్ప ఎక్కడైనా చిరుగుతుంది. "నూట అరవై మిల్లీలీటర్లంటే మనింట్లో ఏ గ్లాసు?" "స్టీలుదా, గాజుదా?" "మూత అంటే ఏ మూత?" "ఈ కెటిల్ మీట ఎటు నొక్కాలి?" పక్క మీద నుంచి లేవకుండానే ఆవిడ ఒక్కో ప్రశ్నకూ జవాబు చెబుతుంది. ఉప్మా ఆయన చేతుల్లో, వంట ఆవిడ గొంతులో జరుగుతుంది. మొత్తానికి పొగలు కక్కుతూ ఉప్మా వస్తుంది. ఆయన మొహంలో వెలుగు విరాటుడి కొలువులో భీముడికి కూడా ఉండి ఉండదు. పాపం భీముడు ఏడాది పాటు ఊరంతటికీ వండాడు.

ఇక్కడ శాస్త్రీయంగా పరిశీలించాల్సింది ఆ ప్యాకెట్ చెప్పే మూడు నిమిషాల సంగతి. "మరిగిన నీళ్ళు పోసి, మూత పెట్టి, మూడు నిమిషాలు ఆగండి." మూడు నిమిషాలు ఎప్పుడు మొదలయ్యాయో గమనించారా? నీళ్ళు మరిగాక. నీళ్ళు మరిగించడం ప్యాకెట్ లెక్కలోకి రాదు. మూత తీశాక జరిగేదీ రాదు. గట్టు మీద ఒలికిన నీళ్ళు, కెటిల్ వెనక్కి రాలిన రవ్వ, మూతకు అంటుకున్న ఆవాలు, కత్తెరకు పట్టిన నూనె, సింకు జాలీలో ఇరుక్కున్న పొట్లం ముక్క, ఇవేవీ రావు. సర్కారు ఆఫీసులో గుమాస్తా "అది మా సెక్షన్ కాదండీ" అన్నంత ప్రశాంతంగా ప్యాకెట్ ఆ నిమిషాలన్నిటినీ పక్క బల్లకు తోసేస్తుంది. పక్క బల్ల దగ్గర ఎప్పుడూ ఒకావిడే కూర్చుని ఉంటుంది.

మన దేశానికి 1983లో వచ్చిన మ్యాగీ రెండు నిమిషాలంది. ఈ నలభయ్యేళ్ళలో ఉప్మా కప్పులు, పోహా కప్పులు వచ్చేసరికి అది మూడయింది, కొన్నింటికి అయిదయింది. ద్రవ్యోల్బణం నిమిషాల్ని కూడా వదల్లేదు. పైగా ఇప్పుడు ఆ ప్యాకెట్ కోసం సందు చివరి కిరాణా దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ఫోన్‌లో నొక్కితే ఒక కుర్రాడు ఎండలో బండి తోలుకుంటూ వచ్చి, లిఫ్టు పనిచెయ్యకపోతే నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ అందిస్తాడు. అతని నిమిషాలు కూడా ప్యాకెట్ మీద ఎక్కడా ఉండవు.

ప్యాకెట్‌కి ముందువైపు కవిత్వం, వెనకవైపు చట్టం. ముందువైపు అరిటాకు, దాని మీద ఇత్తడి గిన్నె, అందులో ఇప్పుడే కోసినట్టున్న కరివేపాకు, బొటనవేలంత జీడిపప్పులు. మూలన కంటికి ఆనని అక్షరాల్లో, ఇది వడ్డించే తీరుకు సూచన మాత్రమేనని. అరిటాకు, ఇత్తడి గిన్నె, జీడిపప్పు మనవే, బొమ్మ వాళ్ళదన్నమాట. వెనక్కి తిప్పితే చట్టం ఊరుకోదు. పదార్థాల్ని బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. దేన్నైనా గొప్పగా చూపించుకుంటే అది ఎంత శాతం ఉందో చెప్పాలి. అక్కడ తెలుస్తుంది జీడిపప్పు అసలు హోదా. రవ్వ, నూనె, ఉప్పు, ఎండు ఉల్లి వరసగా ముందు కుర్చీల్లో కూర్చుంటే, కవర్ మీద కథానాయకుడైన జీడిపప్పు ఆఖరి బెంచీలో ఇంగువ పక్కన ఉంటుంది. ఉప్పు గురించి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల్లో చెప్పనే చెప్పింది, రోజుకు అయిదు గ్రాములు దాటొద్దని, లేబుల్ చదివి కొనమని. మన కథానాయకుడు లేబుల్ చదువుతాడు. నీళ్ళెన్ని పొయ్యాలో ఉన్న వాక్యం వరకు.

ఆ చదవడంలోనూ ఒక రాజకీయం ఉంది. లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉంటే చాలంటాయి నిబంధనలు. తెలుగు వేస్తే వాళ్ళ దయ. అందుచేత గోంగూర పప్పు ఎలా వేడి చేసుకోవాలో గుంటూరు అమ్మమ్మకు ఇంగ్లీషులో చెబుతారు. చింతపండు గుజ్జును చూపుతోనే ఉడికిందో లేదో చెప్పగల మనిషి, పులిహోర పేస్టు ముందు నిరక్షరాస్యురాలైపోతుంది. మనవణ్ణి పిలిచి చదివించుకోవాలి. వాడు గంభీరంగా గొంతు సవరించుకుని, "అమ్మమ్మా, అన్నం వేడిగా ఉన్నప్పుడే కలపాలట" అని చెబుతాడు. ఆవిడ "ఓహో, అలాగా" అంటుంది. ఆ "ఓహో"లో ఎంత వ్యంగ్యం ఉందో కొలిచే పరికరం మాత్రం ఇంకా ఏ ప్రయోగశాలా తయారు చెయ్యలేదు.

శాకాహారులకు ఆకుపచ్చ చుక్క ఉంది. చదరం లోపల చుక్క, ప్యాకెట్ మీద తప్పనిసరి. దీని వల్ల అన్నిటికంటే ఎక్కువ లాభపడింది జన్మతః శాకాహారులు కాదు, క్యాలెండర్ శాకాహారులు. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, కార్తీకమంతా ఇద్దరికీ. కార్తీకంలో సూపర్ మార్కెట్లో నిలబడి కళ్ళద్దాలు పైకెత్తి చుక్క వెతికే భక్తుడి ఏకాగ్రత, దీపం ముందు కూర్చున్నప్పుడు కూడా ఉండదు. మాంసాహారం గుర్తును ఈమధ్య గోధుమరంగు త్రికోణం చేశారు, రంగులు తేడా తెలియనివాళ్ళ కోసం. మంచి పని. అన్నట్టు, దమయంతి రుచి చూసి భర్తను గుర్తుపట్టింది మాంసం వంటతో. కాబట్టి శాకాహార విభాగంలో నలుడి దరఖాస్తు చెల్లదు. కానీ ఆ మాంసాన్ని, తన చూపుతో కుండలోకి వచ్చిన నీళ్ళతో, ఆయనే కడుక్కున్నాడు. ఈ ఒక్క వివరం మన కథానాయకుడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పౌచ్‌లో వచ్చే పప్పు, కూర, పలావుల సంగతి వేరు. వాటి వెనక నిజమైన విద్య ఉంది. పొరలు పొరలుగా ఉన్న సంచిలో వంటకాన్ని పోసి, మూతి బిగించి, సుమారు 121 డిగ్రీల వేడిలో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. లోపలి సూక్ష్మజీవులు చస్తాయి, బయటివి లోపలికి రాలేవు. అందుకే ఏ మందూ కలపకపోయినా, ఫ్రిజ్‌లో పెట్టకపోయినా నెలల తరబడి ఉంటుంది. మన దేశంలో ఈ విద్యను నేర్చి పెంచింది 1961లో మైసూరులో పెట్టిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల. మంచు కొండల మీద, ఇంటికి వెయ్యి మైళ్ళ దూరంలో, పొయ్యి వెలిగించే వీల్లేని సైనికుడి కోసం. ఆ పౌచ్‌నే ఇప్పుడు వంటగదికి పన్నెండడుగుల దూరంలో, సోఫాలో, రిమోట్ పట్టుకున్నవాడు తింటున్నాడు. ఆయనా పొయ్యి వెలిగించే వీల్లేని పరిస్థితిలోనే ఉన్నాడు. మ్యాచ్ చివరి ఓవర్లలో ఉంది మరి.

నిజంగా అవసరమైనవాళ్ళు లేరని కాదు. ఆగస్టులో శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళి చూడండి. డల్లాస్ వెళ్ళే పిల్లవాడి సూట్‌కేసు 23 కిలోలు దాటిందని తూకం దగ్గర నేల మీద తెరిచి ఉంటుంది. "ఆ స్వెట్టర్ తీసెయ్, అక్కడ కొనుక్కుంటాడు. ఉప్మా మిక్స్ మీద చెయ్యి వెయ్యకు" అని తల్లి. చలి సంగతి తర్వాత, ఆకలి ముందు. ఆ పిల్లవాడికి ఆ ప్యాకెట్ ప్రాణం పోస్తుంది, అందులో హాస్యమేమీ లేదు. పైగా అక్కడ నలుగురు కుర్రాళ్ళు ఒకే సింకుతో కాపురం చేస్తారు కాబట్టి మూడు నిమిషాల తర్వాత ఏం మొదలవుతుందో మొదటి సెమిస్టర్‌లోనే తెలిసిపోతుంది. గిన్నెల వంతు చీటీ ఫ్రిజ్‌కు అంటించుకుంటారు. ఆ చీటీ విలువ వాడికి తెలియడానికి మాస్టర్స్ డిగ్రీ అంత ఖర్చయింది.

ఇప్పుడు న్యాయశాస్త్రం. వేడి చెయ్యడం వంట అవుతుందా, కాదా? హాస్యమనుకోకండి, దీని మీద ప్రభుత్వ సంస్థే తర్కించింది. 2020లో, ఏ సరుకుకు ఎంత పన్నో ముందే తేల్చి చెప్పే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ముందుకు ప్యాకెట్ పరోటా వచ్చింది. రొట్టె, చపాతీ తిండికి సిద్ధంగా ఉంటాయి గనక జీఎస్టీ 5 శాతం. పరోటాను తినే ముందు ఇంకా కొంత ప్రక్రియ చెయ్యాలి, అంటే వేడి చెయ్యాలి, కాబట్టి 18 శాతం అంది అథారిటీ. దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు. పెనం మీద అటూ ఇటూ తిప్పడాన్ని శ్రమగా గుర్తించి, దానికి 13 శాతం వెల కట్టిన మొదటి అధికారిక పత్రం అది. దాని ప్రకారం మన కథానాయకుడు చట్టబద్ధమైన వంటవాడు. ఆ గౌరవం అయిదేళ్ళు నిలిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పరోటా మీద పన్ను సున్నా చేశారు. వేడి చేసినవాడి హోదా కూడా ఆ రోజే సున్నాకు వచ్చింది. ఆయన ఇంకా అప్పీలు వెయ్యలేదు, కెటిల్ మీట ఎటు నొక్కాలో కనుక్కుంటున్నాడు.

చివరగా లెక్కలు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో కాల వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే 289, 88. ఇంత ప్యాకెట్ విప్లవం నడిచిన అయిదేళ్ళలో ఆడవాళ్ళకు తగ్గింది పది నిమిషాలు. మూడు నిమిషాల ప్యాకెట్లలో చెప్పాలంటే మూడు ప్యాకెట్లు, ఒక నిమిషం చిల్లర. చిల్లర నిమిషం "ఏ మూత?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి సరిపోయి ఉంటుంది. మగవాళ్ళకు తొమ్మిది నిమిషాలు, అంటే చిల్లర లేకుండా సరిగ్గా మూడు ప్యాకెట్లు. శాతాల్లో చూస్తే మగవాళ్ళ ఆదా దాదాపు మూడు రెట్లు. సమర్థత అంటే ఇదీ.

కాబట్టి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థకు ఒక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఇప్పటికే ప్యాకెట్ల మీద "ఇందులో గోధుమ, సోయా ఉన్నాయి" అని ఎలర్జీ ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నారు. దాని కింద, అదే సైజు అక్షరాల్లో, తెలుగులో కూడా, ఇలా చేర్చాలి: "ఈ ఉత్పత్తి మీ ఇంట్లో గిన్నెలు కడిగే మనిషి వేరే ఉన్నారన్న అంచనాతో తయారైనది. అలాంటి మనిషి లేని ఇళ్ళలో తయారీ సమయం నలభై నిమిషాలు." ఈ ముసాయిదా మీద అభ్యంతరాలున్న మగవాళ్ళు అరవై రోజుల్లోగా రాతపూర్వకంగా పంపవచ్చు. దరఖాస్తుతో పాటు శుభ్రంగా తోమిన కెటిల్ ఫోటో, లోపలివైపు కనిపించేలా, జతచెయ్యాలి.