తోడు వెళ్లేవారికి తోడ్పాటేదీ?

బరంపురం స్టేషన్‌లో సూరత్ వైపు రైలెక్కే ఒడిశాలోని గంజాం జిల్లా యువకుల్లో ఒడియావారితో పాటు మన తెలుగువారూ ఉంటారు. మరమగ్గాల పనికి సాగే ఈ వలసకూ జిల్లాలో హెచ్‌ఐవీ సమస్యకూ ఉన్న ముడి అధికారులకు తెలియనిది కాదు. అయితే వలస కూలీల గురించి మాట్లాడినంత ధారాళంగా, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల గురించీ, హిజ్రాల గురించీ సభల్లో ఎవరూ మాట్లాడరు. పత్రికలదీ అదే తీరు, ఇందులో మాకూ మినహాయింపు లేదు.

వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని చెప్పే హెచ్‌ఐవీ చట్టం సరిగ్గా నాలుగు రోజులకు, సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. కానీ చీర కట్టుకుని పరీక్షకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళను, ఆధార్‌లో ఉన్న మగ పేరుతో ఓపీ చీటీల కిటికీలోంచి గట్టిగా పిలిస్తే, వరుసలో ఉన్నవారంతా తలతిప్పి చూస్తారు. ఆమె మళ్లీ ఆ గడప తొక్కదు.

ఆమెను ఒప్పించి తిరిగి తీసుకొచ్చేది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే పీర్ ఎడ్యుకేటర్లు. వారు ఆ సమూహంలోంచి వచ్చినవారే. చీటీ తామే రాయించి, ఫలితం వచ్చేదాకా బల్ల మీద పక్కనే కూర్చుంటారు. సంచిలో కండోములు, లూబ్రికెంట్లు పెట్టుకుని తిరిగే వీరిని పోలీసులు అనుమానంగా చూడకుండా జిల్లా యంత్రాంగం చూడాలి, వారికిచ్చే కొద్దిపాటి గౌరవ వేతనమైనా నెలనెలా అందేలా చూడాలి.

భాష సంగతి మరీ ముఖ్యం. వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్షలో బయటపడకపోవచ్చని, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మానకుండా వాడి రక్తంలో వైరస్‌ను పరీక్షకు అందనంత స్థాయికి తగ్గించుకుంటే లైంగికంగా ఇతరులకు సోకదని సగం అర్థమయ్యే ఒడియాలో చెబితే భయం తీరదు. ఒడిశాలోని పర్లాకిమిడికి మహేంద్రతనయ నది అవతలే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం ఉంది. తెలిసిన ముఖం ఎదురవుతుందన్న బెరుకుతో నది దాటి పరీక్షకు వెళ్లాలనుకునేవారిని ఏ రాష్ట్రమైనా తనవారిగానే చూడాలి. వారి చికిత్స కార్డూ ఆ మందులూ సూరత్ దాకా వెంట వెళ్లగలగాలి.

సరిహద్దు కేంద్రాల్లో తెలుగు వచ్చిన కౌన్సెలర్లను నియమించేందుకు కొంత సమయం పట్టవచ్చు. పేరుకు బదులు టోకెన్ నంబరుతో పిలవడం మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.