"బోర్డు మార్చేద్దాం" అనే మహానుభావులకు

మా బేస్‌మెంట్‌లో ఒక పిన్‌బాల్ మిషన్ (వాలుబల్ల మీద ఉక్కు గుండుని కొడుతూ ఆడే ఆట) ఉంది, 1990ల మొదట్లోది. పోయిన నెల ఆట బల్ల మీద సగం లైట్లు మసకబారాయి. రెండ్రోజులకి ప్లాస్టిక్ కాలిన వాసన. రిపేరుకొచ్చినాయన వెనక పెట్టె తెరిచి పది నిమిషాలైనా చూడకుండా సర్క్యూట్ బోర్డు పోయింది, కొత్తది వేద్దాం అన్నాడు.

పోలేదు నాయనా! ఆయన వెళ్లాక లైట్ల కనెక్టర్, అంటే లైట్ల వైర్లని బోర్డు పిన్నులకి కలిపే ప్లగ్గు, ఊడదీశాను. తెల్ల ప్లాస్టిక్ మాడిన అట్టు అంచులా ఉంది, అదీ రెండు పిన్నుల దగ్గరే. మిగతా బోర్డంతా శుభ్రం.

ఇందులో వాడే 44 నంబరు బల్బు 6.3 వోల్టుల దగ్గర పావు ఆంపియర్ లాగుతుంది. 18 బల్బుల వరసంటే 4.5 ఆంపియర్లు, మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ. ముప్పై ఏళ్లకి పిన్ను పట్టు వదులై 0.1 ఓమ్ అడ్డుపడిందనుకోండి, అక్కడే దాదాపు 2 వాట్ల వేడి, బియ్యపు గింజంత చోట! ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది, పిన్నుని బోర్డుకి అతికించిన సోల్డర్ పగులుతుంది. ఇంట్లో గీజర్ ప్లగ్గు నల్లబడేదీ ఇందుకే. అప్పుడు గీజరే మార్చేస్తామా?

కొత్త బోర్డుకి పాత మాడిన ప్లగ్గే గుచ్చితే అదీ మాడుతుంది. బోర్డు మీది పిన్నులు, వైరు చివరి ప్లగ్గు రెండూ మార్చాలి, క్రింప్ చేసే (వైరు మీద గట్టిగా నొక్కి బిగించే) టెర్మినల్స్‌తో. ఎమెరీ పేపర్‌తో గీకితే పిన్ను మీది పూత లేచిపోయి కథ మొదటికొస్తుంది.

అసలు ఒళ్లు మండింది ఫ్యూజ్ చూశాక. 5 ఆంపియర్లది ఉండాల్సిన చోట ఎవరో 10 పెట్టారు! ఊళ్లో ఫ్యూజ్ ఊరికే పోతోందని లావు తీగ చుట్టే బాపతు. వదులు పిన్ను వేడిని ఫ్యూజ్ ఎలాగూ ఆపదు, అక్కడ కరెంటు పెరగదు కదా. కానీ రేపు ఏ బల్బు సాకెట్టో షార్టయితే కాలేది వైర్లే.

పిన్నులు మార్చి, 47 నంబరు బల్బులు వేశాను. ఒక్కోటి 0.15 ఆంపియరే, కనెక్టర్ దగ్గర వేడి దాదాపు మూడో వంతుకి పడుతుంది. ఎల్ఈడీలతో ఇంకా తగ్గుతుంది, ఒప్పుకుంటా. కానీ ఆ పసుపు వెలుగు లేకపోతే నాకు ఆట రుచించదు. గంట ఆడాక స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు పీకి కనెక్టర్ ముట్టుకున్నా. గోరువెచ్చగా ఉంది, అంతే.

నిన్న ఆయన బిల్లొచ్చింది. చూసినందుకట.