మదనకామాక్షికి మొగుడు మిగలొద్దు

పాలమూరు మగవాళ్ళ బలం కోసం శేషాచలం కొండల్లోని పేరిత చెట్టు తొందరగా అంతరించిపోవాలి. పని బాగానే సాగుతోంది, కాస్త పద్ధతే లోపించింది.

పేరితనే మదనకామాక్షి అంటారు. చూడ్డానికి పొట్టి ఈతచెట్టే గానీ ఈతతో చుట్టరికం లేదు, పువ్వూ పూయదు. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. మగదాని నెత్తిన జానెడుకు మించిన గోధుమరంగు కంకి వస్తుంది, పుప్పొడంతా అందులోనే. మూలికల గుడారంలో బలానికి అమ్మేదీ దాన్నే. మన ఇంట్లో తొట్టె ఊగాలంటే దాని ఇంట్లో ఊగకూడదు మరి! వెంకటాద్రి రైలెక్కి తిరుపతి పోయినోడు ఉత్త లడ్డూతో తిరిగొస్తాడా?

కోతకు అదను ముఖ్యం. పొలుసులు విచ్చకముందే కోయాలి, లేకుంటే పుప్పొడి ఆడమొక్కకు చేరే ప్రమాదముంది. చేరకపోయినా గింజ ఊరి నిగనిగలాడుతుంది. నీళ్ళలో వేస్తే తేలుతుంది, లోపలంతా పొల్లు. నిప్పు పెట్టడమూ మంచి ఉపాయమే. ముదురు కాండం ఆకుమొదళ్ళ కవచంతో మళ్ళీ చిగురిస్తుంది, మొండిది. మొలకలు మాత్రం మాడిపోతాయి.

1972 వన్యప్రాణి చట్టంలో 1991లో చేర్చిన కాపాడాల్సిన మొక్కల జాబితాలో అప్పుడు ఉన్నవి ఆరే పేర్లు, అందులో ఇదొకటి. అంతరించే జీవాల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని మొదటి అనుబంధంలోనూ ఉంది. గుడారపాయనకు ఈ ముక్క చెప్పకండి, "దొరకని సరుకన్నా" అని రేటు పెంచుతాడు.

పేరిత, దాని చుట్టాలు కలిపి సైకాస్‌లు; వాటిని పెంచేవాళ్ళ తిక్క చూడండి. పుప్పొడిని కాగితం మీద దులిపి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో దాచి, ఆడమొక్క అదనుకొచ్చినప్పుడు చల్లుతారు. గింజ గుజ్జును చేతితొడుగులేసుకుని తీస్తారు, సైకాసిన్ అనే విషం కాలేయాన్ని తింటుందట. ఇసుకలో అడ్డంగా, సగం పైకి కనబడేట్టు పాతి నెలల తరబడి కాచుకుంటారు. రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళుతుంది. మొలిచినా, ఆడో మగో తేలేది ఏళ్ళ తర్వాత కంకి పెట్టినప్పుడే. ఇంత కష్టమెందుకని పిలక తెచ్చి పాతితే, మగదాని పిలక మగదే. మనమేమో నలభై రోజుల్లో ఫలితం కనబడకపోతే పైసలు వాపస్ అడిగే జాతి.

గుడారంలో కంకిని ఓసారి చేతికిమ్మనండి. తిప్పి చూస్తుంటే కింద పరిచిన పేపరు మీద సన్నటి పచ్చపొడి రాలుతుంది. గిరాకీ మొహం చిట్లిస్తే, "ఏం లేదన్నా, దుమ్ము" అని ఆయన ఉఫ్ఫున ఊదేస్తాడు.