ట్వీట్ కంటే ముందే జట్టు ప్రకటించారు మాస్టారూ!

మా అబ్బాయి ఇంటర్ చదివే కాలేజీ వాళ్లు తల్లిదండ్రుల కోసం ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నారు. ఫీజు గడువు, వీకెండ్ టెస్టు మార్కులు, ఔటింగ్ ఇచ్చే ఆదివారాలు అందులో వస్తుంటాయి. మధ్యమధ్యలో ఒక మంచి మాట కూడా పెడుతుంటారు. పోయిన వారం పెట్టిన మంచి మాట మా గుంటూరు వాడి మీద. క్రికెటర్ అంబటి రాయుడు జీవితం పిల్లలకు గుణపాఠమట.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. పదహారేళ్లకే మరో సచిన్ అనిపించుకున్న కుర్రాడు నోటి దురుసుతో పదేళ్లు పాడు చేసుకున్నాడు. డబ్బుకు ఆశపడి రెబెల్ లీగులో చేరాడు. 2019లో సెలెక్టర్‌ను వెక్కిరిస్తూ ట్వీట్ పెట్టి ప్రపంచ కప్ చేజార్చుకున్నాడు. అదే వీవీఎస్ లక్ష్మణ్ అయితే ఎంత అన్యాయం జరిగినా నోరెత్తకుండా ఆడి పెద్దవాడయ్యాడు. రాయుడికి రిటైర్మెంట్‌లోనూ నిలకడ లేదు, రాజకీయాల్లోనూ లేదు. కాబట్టి పిల్లలూ, టాలెంట్ కాదు, యాటిట్యూడ్ ముఖ్యం.

ఇదే మెసేజ్ బ్రాడీపేటలో మేం టీ తాగే బ్యాచ్ గ్రూపులో కిందటేడే తిరిగింది. విజయవాడలో ఉండే మా తోడల్లుడికి వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చిందట. అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు లెక్చరర్ గారే పెట్టారు కాబట్టి, కింద అరవై మంది తల్లిదండ్రులు దండాలు పెట్టారు కాబట్టి, ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ట్వీట్ సంగతి చూద్దాం. మెసేజ్‌లో అందరికీ గుర్తుండిపోయే ముక్క అదే, అసలు తప్పంతా ఉన్నదీ అక్కడే.

ప్రపంచ కప్ జట్టును 2019 ఏప్రిల్ 15న ప్రకటించారు. రాయుడు పేరు లేదు, విజయ్ శంకర్ పేరు ఉంది. ఎందుకని అడిగితే, శంకర్ మూడు రకాలుగా (త్రీ డైమెన్షన్స్ అన్నది ఆయన మాట) పనికొస్తాడని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పాడు. బ్యాటింగ్ చేస్తాడు, ఇంగ్లండ్‌లో మబ్బు పట్టినప్పుడు బౌలింగ్ వేస్తాడు, ఫీల్డింగ్ బాగా చేస్తాడు అని. ఆయనదీ మన గుంటూరు జిల్లాయే. ఆ మాటల్లో రాయుడి నడవడి గురించి ఒక్క ముక్క లేదు. ప్రపంచ కప్ చూడటానికి కొత్త త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ పెట్టింది ఏప్రిల్ 16న. పదిహేను తర్వాత పదహారు వస్తుంది మాస్టారూ! పరీక్ష రిజల్ట్ వచ్చిన మర్నాడు కుర్రాడు విసుక్కుంటే, ఆ విసుగు వల్లే ఫెయిలయ్యాడని మీ కాలేజీలో ఎవరైనా అంటారా?

ఇంకో తేదీ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్ 17న స్టాండ్‌బై ఆటగాళ్ల పేర్లు, అంటే ఎవరికైనా గాయమైతే పిలిచేవాళ్ల పేర్లు, బయటికొచ్చాయి. రిషభ్ పంత్, నవదీప్ సైనీ, వాళ్లతో పాటు అంబటి రాయుడు. ట్వీట్ మీద కక్ష కట్టిన వాళ్లే అయితే మర్నాడే ఆ పేరు ఎందుకు రాస్తారు? జులైలో విలేకరులు అడిగినప్పుడు కూడా, ఆ ట్వీట్ సమయానికి తగ్గట్టు బాగుందని, తాను ఆస్వాదించానని ప్రసాదే అన్నాడు. అంతకు ముందు ఏడాది రాయుడు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితే తామే వెనక నిలబడి శిక్షణ ఇప్పించామని కూడా చెప్పాడు.

మరి టోర్నీ మధ్యలో ఇద్దరికి గాయాలైతే స్టాండ్‌బైలో ఉన్నవాణ్ణి ఎందుకు పిలవలేదని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ధావన్ పోతే ఎడమచేతి బ్యాటర్ కావాలని పంత్‌ను పంపామన్నారు. సరే. శంకర్ కాలి వేలికి దెబ్బ తగిలితే ఓపెనర్ కావాలని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. అప్పటికి మయాంక్ ఒక్క వన్డే కూడా ఆడలేదు. నాలుగో నంబరు ఆటగాడు పోతే ఓపెనర్ కావాలనడం నా మట్టుకు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ అది క్రికెట్ లెక్కలో తప్పు. దాన్ని మోసుకెళ్లి రాయుడి నోటికి అంటగట్టడం ఎందుకు?

నిజంగా రాయుడి చోటు పోయింది ఎక్కడంటే, 2019 మార్చిలో. సొంతగడ్డ మీద ఆస్ట్రేలియాతో మొదటి మూడు వన్డేల్లో అతని స్కోర్లు 13, 18, 2. తర్వాతి రెండు మ్యాచ్‌లకు పక్కన పెట్టారు. రాంచీలో ఆడిన ఆ మూడోదే అతని చివరి వన్డే. అంతకు అయిదు నెలల ముందు, ప్రపంచ కప్ దాకా నాలుగో నంబరులో రాయుడికి అండగా ఉండాలని కోహ్లీయే అన్నాడు. అంటే మూడు మ్యాచ్‌లతో లెక్క మారిపోయింది. ఆటగాడి వైపు నుంచి చూస్తే దారుణం, సెలెక్టర్ వైపు నుంచి చూస్తే రోజూ జరిగేదే. ఇందులో యాటిట్యూడ్ ఎక్కడుంది?

నాకు ఇంకా కడుపు మండేది వెల్లింగ్టన్ గుర్తొస్తే. ఆ ఫిబ్రవరి 3న న్యూజిలాండ్ మీద మన స్కోరు 4 వికెట్లకు 18. బంతి గింగిరాలు తిరుగుతోంది. అక్కణ్ణుంచి రాయుడు 113 బంతులాడి 90 కొట్టాడు. మనవాళ్లు 252 చేసి 35 పరుగులతో గెలిచారు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. ఆ రోజు అయిదో వికెట్‌కు అతనితో 98 పరుగులు జోడించింది ఎవరనుకున్నారు? విజయ్ శంకరే. అయిదు నెలలు తిరిగేసరికి మాంచెస్టర్ సెమీఫైనల్లో అదే న్యూజిలాండ్ మీద మనం 4 వికెట్లకు 24. రాయుడు ఉంటే గెలిచేవాళ్లమని నేననను. ఆ మాట టీ కొట్టు దగ్గర చాలామంది అంటారు, నిరూపించలేని మాట. కాకపోతే అలాంటి స్కోరు దగ్గర కాలు కదపకుండా, అరవకుండా, అంతసేపు ఓపిక పట్టినవాడికి క్యారెక్టర్ లేదంటే మాత్రం, ఆ మాటకు మీ డిక్షనరీలో అర్థం ఏమిటో చెప్పాలి.

ఇక కోపం. ఇది ఉంది, కాదనను. 2005-06లో ఆంధ్రా తరఫున ఆడుతూ హైదరాబాద్ ఆటగాడితో మైదానంలోనే కలబడ్డాడు. 2018 జనవరిలో విజయనగరంలో జరిగింది ఇంకా విచిత్రం. ముస్తాక్ అలీ దేశవాళీ టీ20 టోర్నీలో అతను హైదరాబాద్ కెప్టెన్. కర్ణాటక ఇన్నింగ్స్‌లో ఫీల్డర్ కాలు బౌండరీ తాడుకు తగిలింది. అంపైర్లు చూసుకోక రెండు పరుగులే ఇచ్చారు. ఇన్నింగ్స్ అయ్యాక తప్పు తెలుసుకుని 203ను 205 చేశారు. హైదరాబాద్ సరిగ్గా 203 దగ్గర ఆగిపోయింది. సూపర్ ఓవర్ ఆడించాల్సిందేనని రాయుడు జట్టుతో మైదానంలోనే ఉండిపోయాడు. ఆ తర్వాత అదే గ్రౌండులో జరగాల్సిన ఆంధ్రా, కేరళ మ్యాచ్ ఆలస్యమై 13 ఓవర్లకు కుదించాల్సి వచ్చింది. బోర్డు అతన్ని రెండు మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది. చేయాల్సిందే. తాడుకు కాలు తగిలింది నిజం, అవి నాలుగు పరుగులే. పైగా తన గొడవతో పుట్టిన గడ్డ జట్టుకే ఏడేసి ఓవర్లు ఎగ్గొట్టాడు.

కానీ మెసేజ్ అన్నట్టు ఈ కోపమే అతన్ని ఇండియా జట్టుకు పదేళ్లు దూరం చేసిందా? అతను వెలుగులోకి వచ్చింది 2002లో. ఇంగ్లండ్‌లో అండర్-19 వన్డేలో 177 నాటౌట్, ఆ నవంబర్‌లో రంజీలో హైదరాబాద్ తరఫున ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. ఆ దెబ్బలు తిన్నది ఎవరో కాదు, మన ఆంధ్రానే. అప్పటికి ఇండియా మిడిలార్డర్‌లో ఎవరున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి: ద్రవిడ్, గంగూలీ, లక్ష్మణ్, యువరాజ్, కైఫ్. వాళ్లు కదిలేసరికి కోహ్లీ, రోహిత్, రైనా వచ్చేశారు. మధ్యలో రెండేళ్లు ఐసీఎల్, అంటే మెసేజ్ చెప్పిన ఆ రెబెల్ లీగు, ఇండియన్ క్రికెట్ లీగ్ మింగేసింది. ఇంత రద్దీలో సాధువుకైనా సీటు దొరికేది కాదు. చివరికి 2013 జులైలో హరారేలో మొదటి వన్డే ఆడి 63 నాటౌట్ కొట్టాడు. మొత్తం 55 వన్డేల్లో 1694 పరుగులు, సగటు 47.05.

ఐసీఎల్ మాట వచ్చింది కాబట్టి, డబ్బుకు అమ్ముడుపోయాడన్న ఆరోపణ. 2007లో అందులో చేరేనాటికి అతనికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. అప్పటికి ఐపీఎల్ అనే మాటే పుట్టలేదు, అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రకటించారు. హైదరాబాద్ నుంచి చాలామంది వెళ్లారు. బోర్డు అందరినీ నిషేధించి, 2009లో క్షమించి వెనక్కి పిలిచింది. ఇవాళ వేలంలో ఎవడికి ఎన్ని కోట్లు పలికిందో వేళ్ల మీద చెప్పే మనమే, ఆ కుర్రాడు డబ్బు కోసం వెళ్లాడని ముక్కున వేలేసుకోవడం బాగోదు.

మెసేజ్‌లో లక్ష్మణ్ పోలిక చూసి మాత్రం నవ్వాగలేదు. లక్ష్మణ్ అంటే నాకు ప్రాణం, అందుకే చెబుతున్నాను. నడవడికి బహుమతిగా ప్రపంచ కప్ ఇచ్చేట్టయితే మొదటి కప్పు ఆయనకే ఇవ్వాలి. 134 టెస్టులు, 86 వన్డేలు ఆడిన ఆ మనిషి ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు! 2003లో ఆయన్ను కాదని దినేశ్ మోంగియాను తీసుకెళ్లారు. నోరెత్తలేదంటారు, నిజమే. కానీ ఆ దెబ్బకు క్రికెట్టే వదిలేద్దామనుకున్నానని, ఆ మ్యాచ్‌లు చూడలేక స్నేహితులతో అమెరికా వెళ్లిపోయానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఒకడు విమానమెక్కాడు, ఒకడు కళ్లద్దాలన్నాడు. నొప్పి ఒకటే. రిటైర్మెంట్ కూడా చూడండి. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్‌కు జట్టులో పేరు ఉండగానే, సొంతూరు హైదరాబాద్‌లో టెస్టు పెట్టుకుని, ఉన్నట్టుండి ఇక చాలన్నాడు లక్ష్మణ్. దాన్ని మనం ఆత్మాభిమానం అన్నాం. 2019 జులై 3న రాయుడు అదే మాట అంటే తొందరపాటు అయిపోయింది. ఆగస్టులో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, అది వేరే సంగతి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన పక్క ఊళ్లోనే దొరుకుతుంది. 2002 నవంబర్ 24న విజయవాడ ఇందిరా గాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే. సిరీస్ 3-3 మీద ఉంది, ఆఖరి మ్యాచ్ మనకు వచ్చింది. గుంటూరు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి పోయాం. సాయంత్రానికి గొంతులు పోయాయి, మ్యాచూ పోయింది. మార్లన్ శామ్యూల్స్ 108 నాటౌట్, వాళ్లు 315, మనం 180కి ఆలౌట్. ఆ శామ్యూల్స్‌ను 2008లో బుకీతో సంబంధాల విషయంలో రెండేళ్లు నిషేధించారు. తిరిగొచ్చి 2012, 2016 టీ20 ప్రపంచ కప్ ఫైనల్స్ రెండింట్లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. రెండోసారి గెలిచాక ప్రెస్ మీట్‌లో కాళ్లు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మెసేజ్ రాసినాయన సూత్రం ప్రకారం ఇతనికి ఒక్క కప్పు కూడా రాకూడదు. లక్ష్మణ్‌కు సున్నా, శామ్యూల్స్‌కు రెండు. దీన్ని పిల్లలకు ఏ పాఠంగా చెబుతారో మరి.

రాయుడికి కప్పుల కరువు లేదు కూడా. ముంబైతో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ఐపీఎల్ ట్రోఫీలు. చివరిది 2023లో అహ్మదాబాద్‌లో, రిటైర్ అవుతున్నానని ముందే చెప్పి ఆడిన ఫైనల్. వాన పడి ఓవర్లు తగ్గి టెన్షన్ పెరిగిన చోట మోహిత్ శర్మ బౌలింగ్‌లో వరసగా 6, 4, 6 కొట్టి, 8 బంతుల్లో 19 చేసి వెళ్లిపోయాడు. జడేజా ముగించాడు. ట్రోఫీ అందుకునేటప్పుడు ధోనీ ఆ ఇద్దరినీ ముందుకు పిలిచాడు. మైదానంలో రాయుడు ఎప్పుడూ నూటికి నూరు శాతం పెడతాడని, కాకపోతే అతను జట్టులో ఉన్నంత కాలం తనకు ఫెయిర్ ప్లే అవార్డు మాత్రం రాదని నవ్వుతూ అన్నాడు. ఇన్నేళ్లు పక్కన పెట్టుకుని ఆడించినవాడు ఒక్క వాక్యంలో రెండు వైపులా చెప్పాడు. మన మెసేజ్ అంత పొడుగు రాసి ఒక వైపే చెప్పింది.

మిగిలింది రాజకీయాల పాయింటు. 2023 డిసెంబర్ 28న పార్టీ కండువా కప్పుకున్నాడు, 2024 జనవరి 6న బయటికొచ్చాడు. మధ్యలో సంక్రాంతి కూడా రాలేదు. ఈ ఒక్క పాయింటూ లెక్చరర్ గారికే వదిలేస్తున్నాను. దాన్ని సమర్థించే మనిషి కోసం బ్రాడీపేట అంతా వెతికాను, నాకూ దొరకలేదు.